పడవ వెనకున్న మనిషి

జాలారిపేట, విశాఖపట్నం
1982, శ్రావణమాసం, రెండో గురువారం

నా పేరు మైలపిల్లి కాసులమ్మ. సముద్రం మీద పోయిన ఎల్లారావు భార్యను. వయసు రేషన్ కార్డులో అరవై అని ఉంది, అది రాసినవాడికి భోజనం వేళ అయింది. అసలు అరవై మూడు దాటాయి. ఇంట్లో ఉండేది నేనూ, ఒక మేకా, దాని రెండు పిల్లలూ. చదువు రాదు. నేను చెబుతుంటే పేట బడి టీచరు వెంకటరమణమ్మగారు రాస్తున్నారు. "ఇవన్నీ మీ అమ్మాయికి తెలియవా, ఉత్తరంలో ఎందుకమ్మా?" అని ఆవిడ అడిగింది. ఇది మామూలు ఉత్తరం కాదు, నా తరపు వాంగ్మూలం, కోర్టులో అడిగినట్టు ముందు పేరూ వయసూ ఉండాల్సిందే అన్నాను. నేను చెప్పేదాన్ని ఆవిడ పుస్తకాల భాషలోకి దిద్దుతోంది. మనుషులు ఆడుకున్న మాటలు మాత్రం ఆడినట్టే ఉంచమని ఒక పూట దెబ్బలాడి ఒప్పించాను.

పోర్ట్‌బ్లెయిర్‌లో ఉన్న నా కూతురు చిరంజీవి సౌభాగ్యవతి సీతాలుకీ, అల్లుడికీ, మనవడు చిన ఎల్లారావుకీ దీవెనలు. నేను బాగున్నాను. ఇంటి కప్పు బాగుంది. పోయిన వానకి ఒక్కచోటే కారింది, అక్కడ మేకని కట్టేస్తున్నాను. చుట్టూ నీళ్ళున్న ఊళ్ళో మీరు కూడా చల్లగా ఉన్నారనుకుంటాను.

నువ్వు అడిగినవి వరసగా చెబుతాను. మోకాలి నొప్పి తగ్గింది. "తగ్గలేదు" అని రాయబోతుంటే టీచరమ్మ చెయ్యి పట్టుకుని ఆపాను. మేక ఈనింది, రెండూ ఆడవే. చేపలబుట్ట మానేశావా అని అడిగావు. మానేసి ఇంట్లో కూర్చుంటే ఎవరితో దెబ్బలాడాలి? ఫిషింగ్ హార్బరు వచ్చాక పెద్ద చేపలన్నీ ఐసు లారీలెక్కి ఎక్కడికో పోతున్నాయి, మా బుట్టల్లోకి వచ్చేవి చిన్నవే. మొన్న పోర్టు క్వార్టర్లలో ఒకావిడ చేప మొప్ప ఎత్తి చూసి, "నిన్నటిదా?" అంది. "నిన్నటిదాన్ని నానేనమ్మా, సేప ఇయ్యాల్టిదే" అన్నాను. నవ్వి కొనుక్కుంది.

నాలుగోది, పడవ సీను గురించి అడిగినది. "ఆ సీను వచ్చినప్పుడల్లా మేమందరం అయ్య మొహం చూసేవాళ్ళం, నువ్వు మాత్రం తెర మూలకి చూసేదానివి, ఎందుకమ్మా?" అన్నావు. టీచరమ్మ ఆ ముక్క చదివి నా వైపు చూసింది. "తరవాత" అన్నాను. ఇప్పుడూ తరవాతే. ముందు జరిగింది చెప్పనీ.

నీ ఉత్తరం మూడుసార్లు చదివించుకున్నాను. మీ ఊరి తెలుగువాళ్ళ సంఘం మన పడవ సినిమా తెప్పించి బడి మైదానంలో తెర కట్టి ఆడించిందనీ, పడవ సీను రాగానే నువ్వు లేచి నిలబడి "అదిగో మా అయ్య!" అని అరిచావనీ, మీ అత్తగారు చెంపలేసుకుని తెరకి దండం పెట్టిందనీ, చిన ఎల్లారావు పరిగెత్తి వెళ్ళి ఆ మొహాన్ని తడిమి చూశాడనీ రాశావు. ఆ మొహం ఫొటో తీయించి పంపితే అయ్య తిథినాటికి పటం కట్టించి, బొట్టు పెట్టి, దండ వేసి దీపం పెడతానన్నావు. "ఈ ఇంటి గోడ మీద వాళ్ళ పెద్దలందరూ ఉన్నారమ్మా, నా వైపు నుంచి ఒక్కరూ లేరు" అన్నావు. అక్కడ టీచరమ్మ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. నేను బుట్ట దులపాలని బయటికి వెళ్ళిపోయాను.

ఆ సినిమాకి ఏదో పెద్ద పేరుంది, నాకు నోరు తిరగదు. మన పేటకంతటికీ అది పడవ సినిమా. ఇరవయ్యేడేళ్ళ కిందట మెడ్రాసు వాళ్ళు యారాడ ఒడ్డుకి వచ్చి తీశారు. పడవని సముద్రంలోకి నెట్టే సీనుకి మన పేట నుంచి ముగ్గుర్ని, యారాడ నుంచి ముగ్గుర్ని పెట్టుకున్నారు. మన ముగ్గురిలో మీ అయ్య ఒకడు. తరవాత అయిదు నెలలకి గాలివానలో పోయాడు. ఒళ్ళు కూడా ఒడ్డుకి రాలేదు. నువ్వు అప్పుడు కడుపులో ఉన్నావు. ఆయన ఫొటో ఇంకెక్కడా లేదు. ఇవన్నీ నీకు తెలుసు. చిన ఎల్లారావు పెద్దవాడై ఈ కాగితం చదువుతాడని చెప్పిస్తున్నాను.

నీ ఉత్తరం వచ్చిన పదో రోజున మెయిన్ రోడ్డు గోడల మీద ఆ సినిమా పోస్టర్లు పడ్డాయి. పాత సినిమాలు ఇప్పుడు ఉదయం ఆటలు వేస్తున్నారు. బుట్ట సగం అమ్మి అలాగే హాలుకి వెళ్ళాను. గేటు దగ్గరవాడు ముక్కు మూసుకున్నాడు.

"బుట్టతో లోనికెల్లకూడదు మామ్మా."

"ఎల్లకూడదంటే దానికీ ఓ టిక్కెట్టియ్యి. నా పక్కన కూకుంటాది."

చివరికి బుట్ట సైకిళ్ళ స్టాండులో పెట్టించుకున్నారు. నేల టిక్కెట్లు ఇప్పుడు లేవు, అన్నీ బెంచీలే. మొదటి పాట అయింది, పెళ్ళి అయింది, హీరో తండ్రి కోపం వచ్చి వెళ్ళిపోయాడు. తరవాత తెల్లవారి ఒడ్డు రావాలి, పడవ రావాలి. రాలేదు. హీరోయిన్ వంటింట్లో రుబ్బుతోంది. నేను లేచి నిలబడ్డాను. "ఆపండర్రా! పడవేదీ?" అని అరిచాను. వెనకనుంచి ఎవరో "కూకో మామ్మా, పడవెల్లిపోనాది" అన్నారు. హాలంతా నవ్వింది.

ఆట అయ్యాక మెట్లెక్కి మెషీను గదికి వెళ్ళాను. ఆపరేటరు పేరు రమణమూర్తి. బక్కపలచటి మనిషి, చెవిలో పెన్సిలు.

"నిన్నెవరు పైకి రానిచ్చారు మామ్మా?"

"నా కాళ్ళు రానిచ్చేయి. పడవ సీనేటి సేసేవు?"

"రీలు ముసలిదైపోయింది. అంచులో చిల్లులుంటాయి కదా, అవి చిరిగిపోయి మెషీన్లో ఇరుక్కుంటోంది. ఆ కాస్త ముక్కా కత్తిరించి అతికించాను. అరనిమిషం. ఎవరికీ తెలీదు."

"నా పెనిమిటిని కత్తిరించీసి ఎవరికీ తెల్దంతావేటి బాబూ! ఆ అరనిమిషం తప్ప ఆడెక్కడా నేడు. మీ హీరో మూడు గంటలున్నాడు, ఆడి పాటలో ఓ పాట కత్తిరించకపోయేవా?"

ఇంకా చాలా అన్నాను. టీచరమ్మ రాయనంటోంది. అతను బల్ల కింద నుంచి ఒక బిస్కట్ డబ్బా తీశాడు. దాని నిండా కత్తిరించిన రీలు ముక్కలు, పాముపిల్లల్లాగా చుట్టుకుని ఉన్నాయి. ఒక్కోదాన్నీ బల్బుకి అడ్డంపెట్టి చూస్తూ చెప్పాడు. "ఏ ముక్కా పారెయ్యడానికి చెయ్యి రాదు మామ్మా. ఇదే సినిమాకి ఒక రిటైరైన హెడ్‌మాస్టరుగారు రోజూ వస్తున్నారు. రెండు టిక్కెట్లు తీసుకుని పక్క సీటులో తువ్వాలు వేసి కూర్చుంటారు. రెండో పాట అవగానే లేచి వెళ్ళిపోతారు. ఆ పాటప్పుడు భార్య మొదటిసారి ఆయన చెయ్యి పట్టుకుందట. ఆవిడ పోయి నాలుగేళ్ళు. నేను ఆ పాట కత్తిరిస్తే ఆయన ఏం చెయ్యాలి?"

"మరి నాకేటి సేసేవు?" అన్నాను.

"తప్పయింది" అన్నాడు. జానెడు ముక్క దొరికింది. కాగితంలో చుట్టి చేతిలో పెట్టాడు. కిందికి వెళ్ళి నా బుట్టలోంచి రెండు చేపలు తెచ్చి ఇవ్వబోతే, తినను మామ్మా అన్నాడు. మీ వీధి పిల్లికయినా పెట్టు అని గుమ్మంలో పెట్టి వచ్చాను.

ఇక్కడ టీచరమ్మ కలం ఆపి, ఆ రెండో పాట తను పెళ్ళిచూపులైన వారంలో విన్నానని చెప్పబోయి, "సరే, చెప్పు" అని మళ్ళీ కాగితం మీదకి వంగింది. ఎవరిది వాళ్ళకుంది.

మర్నాడు ఆ ముక్క పట్టుకుని ఫొటో స్టూడియోకి వెళ్ళాను. స్టూడియో కిటకిటలాడుతోంది. స్టీలు ప్లాంటుకి భూములిచ్చిన ఊళ్ళవాళ్ళు ఉద్యోగాల దరఖాస్తులకి ఫొటోలు దిగుతున్నారు. తలకి నూనె రాసుకుని, అరువు చొక్కాలు వేసుకుని, ఊపిరి బిగబట్టి కూర్చుంటున్నారు. నా వంతు వచ్చింది. స్టూడియో అతను ముక్కని గాజుపలక మీద పెట్టి, కింద దీపం వేసి, భూతద్దంలోంచి చూసి, "ఇందులో ఆరుగురున్నారమ్మా, ఎవరి మొహం పెద్దది చెయ్యాలి?" అని అడిగాడు.

నేను భూతద్దంలోంచి చూశాను. అతను మళ్ళీ అడిగాడు. వెనక ఉన్నవాళ్ళు "తొరగా సెప్పమ్మా" అన్నారు. నోరు తిరిగినదాన్నని పేటంతా నన్నంటారు కదా, ఆ పూట ఒక్క మాట రాలేదు. "రేపొస్తాను" అని ముక్క చెంగున కట్టుకుని వచ్చేశాను.

సీతాలూ, ఇక్కడిదాకా అల్లుడికీ మీ అత్తగారికీ చదివి వినిపించు. ఇక్కడ ఆపి, పొయ్యి మీద అన్నం చూడాలని లేచి, మిగిలింది నువ్వొక్కదానివే చదువుకో. తరవాత వాళ్ళకి చెప్పడం, చెప్పకపోవడం నీ ఇష్టం.

ఆ నవ్వే మొహం మీ అయ్యది కాదు.

రాయించేశాను. టీచరమ్మ తలెత్తి నన్ను చూసింది, మళ్ళీ వంచుకుంది. ఇప్పుడు ఎలా జరిగిందో విను, ఆ తరవాత ఎన్ని తిట్లయినా తిట్టు.

పడవని నీట్లోకి దింపేటప్పుడు పక్కలవాళ్ళు అంచులు పట్టుకుని లాగుతారు. వాళ్ళు ఇటు తిరుగుతారు, అటు తిరుగుతారు, కేకలేసుకుంటారు. వెనకవాడు మాత్రం పడవకి భుజం ఆనించి, తల వంచి సముద్రం వైపే నెట్టాలి. బరువంతా వాడిదే. ఏ అల మీద వదలాలో లెక్క వాడిదే. వెనకవాడు చూపు తిప్పితే పడవ అడ్డం తిరిగి పక్కవాళ్ళ కాళ్ళ మీద పడుతుంది. మీ అయ్య ఏ పడవకయినా వెనకవాడే. సినిమావాళ్ళు కెమెరా ఒడ్డున, పడవకి వెనక పెట్టుకున్నారు. ఆ సంగతి ఆయనకేం తెలుసు? ఆ సాయంత్రం ఇంటికొచ్చి గుమ్మంలో నిలబడి, "ఒలే కాసులూ, నా మొకం మెడ్రాసెల్లిపోనాదే!" అన్నాడు. నాలుగు రోజులు అదే గొప్ప. అద్దం కొందామన్నాడు.

నువ్వు మూడు నెలల పిల్లవి, సినిమా మన ఊరికి వచ్చింది. ఆయన పోయి అప్పటికి ఏడు నెలలు. నిన్ను ఒళ్ళో వేసుకుని నేల మీద కూర్చున్నాను. పడవ వచ్చింది. మూలగా వెనక వీపు. ఎడమ భుజం మీద తాడు ఒరుసుకున్న మచ్చ. ఆయనే. ఎంతసేపు చూసినా వీపే. పడవ నీట్లోకి పోతోంది, సీను అయిపోతోంది, ఇంకా వీపే. "ఇటు తిరగయ్యా! ఒక్కపాలి తిరుగు!" అని అరిచేశాను. చుట్టూ ఉన్నవాళ్ళు పిచ్చిదనుకున్నారు. మర్నాడు మళ్ళీ వెళ్ళాను, ఆ మర్నాడూ వెళ్ళాను. ఇవాళ తిరుగుతాడేమో అనిపించేది. బొమ్మ తిరగదని నాకు తెలుసు. తెలిసే వెళ్ళాను.

నీకు అయిదేళ్ళప్పుడు సినిమా మళ్ళీ వచ్చింది. పేట పిల్లలు నిన్ను "నీకు అయ్య నేడు" అని ఏడిపించేవారు. "ఉన్నాడు, సినిమాలో ఉన్నాడు పద" అని తీసుకెళ్ళాను. పడవ వచ్చింది. నేను మూలకి వేలు చూపించాను. నువ్వు, "అయ్య మొకమేదమ్మా?" అన్నావు. సరిగ్గా అప్పుడే పడవ ముందర పక్కన ఉన్నవాడు వెనక్కి తిరిగి పళ్ళన్నీ కనపడేలా నవ్వాడు. తెరంతా వాడి మొహమే అన్నట్టుంది. నువ్వు లేచి నిలబడి చప్పట్లు కొట్టావు. "అదేనా? అదేనా అయ్య?" అన్నావు.

నేను "ఊఁ" అన్నాను.

నా వాదన ఏమిటంటే, నేను అబద్ధం ఆడలేదు, ఊఁ అన్నానంతే. ఇరవయ్యొక్క ఏళ్ళుగా ఇదే చెప్పుకుంటున్నాను. ఇప్పుడు పైకి చెబుతుంటే అది వాదనలా లేదు. మర్నాడే చెప్పేద్దామనుకున్నాను. అప్పటికే నువ్వు పేటంతా తిరిగి మా అయ్య ఎంత బాగా నవ్వుతాడో చెప్పి వచ్చావు. నీళ్ళ కుండలోకి చూసి అలాగే నవ్వడం నేర్చుకున్నావు. పెళ్ళిచూపుల్లో మీ అత్తగారు "పిల్ల నవ్వు బాగుంది" అంటే, "అది మా అయ్యదండి" అన్నావు. ఆ రోజు నేను ఎక్కడని చెప్పను?

ఇంకొకటుంది. అది ఇన్నాళ్ళూ నాకు నేను కూడా చెప్పుకోలేదు. ఆ "ఊఁ" నన్ను కూడా కొట్టింది. రానురాను కళ్ళు మూసుకుంటే ఎల్లారావు మొహం రావడం మానేసింది. ఆ యారాడ మనిషి నవ్వే వస్తోంది. వీపు గుర్తుంది, నడక గుర్తుంది, మచ్చ గుర్తుంది. మొహం లేదు. పద్ధెనిమిదేళ్ళు కాపురం చేసిన మనిషి మొహం. స్టూడియోలో నోరు రాకపోవడానికి కారణం అదీ. నువ్వడిగిన నాలుగో ప్రశ్నకి జవాబు కూడా అదే. ఆ మూల ఉన్న వీపు ఒక్కటే నాకు మిగిలింది.

సరే, పటం సంగతికి వస్తాను. ఆ నవ్వే మనిషి ఉన్నాడో పోయాడో అప్పటికి నాకు తెలియదు. స్టూడియో నుంచి నేరుగా ఫిషింగ్ హార్బరుకి వెళ్ళి యారాడ వాళ్ళని అడిగాను. "పడవ సినిమాలో నవ్వినోడా? గరికిన తాతబాబు. రాయిలాగున్నాడు" అన్నారు. బతికున్న మనిషి మొహానికి నా కూతురు దండ వేసి దీపం పెట్టబోతోంది! ఒకడి ఆయుష్షు మీద అంత పని జరగబోతోంటే, దానికి మూలం నా "ఊఁ".

మర్నాడు పొద్దున్నే పాత ఊళ్ళో రేవు దగ్గర పడవెక్కి కాలవ దాటి, కొండెక్కి యారాడలో దిగాను. మోకాలి గురించి అడగకు. తాతబాబు ఇంటి ముందు నీడలో కూర్చుని వల బాగుచేసుకుంటున్నాడు. యాభై ఏడో ఎనిమిదో ఉంటాయి. జుట్టు తెల్లబడింది. నేను ఎవరినో చెప్పాను. చెప్పవలసిందంతా చెప్పాను. లోపల నుంచి వింటున్న భార్య చిలకమ్మ చేపలు కోసే కత్తిపీట వదిలి బయటికి వచ్చింది.

"నా పెనిమిటికి దండేత్తాదా నీ కూతురు! ఆడికి నూరేళ్ళు నిండిపోనాయని ఎవులు సెప్పేరే మీకు?"

"ఎయ్యనేదమ్మా ఇంకా! ఎయ్యకుండా ఆపడానికే కదా కొండెక్కి వచ్చేను!"

"ఓలమ్మో, ఆ దీవిలో ఎవులో నా పసుపుకుంకాల మీద దీపమెడతారంట!"

తాతబాబు వల పక్కన పెట్టాడు. "పోనీ యే సిలకా, ముప్పై ఏళ్ళయి నువ్వో దండెయ్యనేదు. ఆ గుంటయినా ఎయ్యనీ" అన్నాడు. అని నవ్వాడు. పళ్ళు మూడు లేవు కానీ అదే నవ్వు. నేను తల తిప్పుకున్నాను.

తాతబాబు ఆ సినిమా చూడలేదట. "టిక్కెట్టెట్టుకుని నా మొకం నాను సూసుకోడమేటప్పా" అన్నాడు. చిలకమ్మ చూసిందట. "సూసేను. తెరమీద నవ్వినట్టు ఇంట్లో ఒక్కనాడు నవ్వితే ఒట్టు వొదినా" అంది. అప్పటికి ఆవిడ కోపం కొంచెం తగ్గి, నాకు కూర్చోడానికి పీట వేసింది. ఆ పీట మీద కూర్చుని, ఎందుకో తెలియదు, ఎవరికీ చెప్పనిది ఆ ఇద్దరికీ చెప్పాను. నా మొగుడి మొహం నాకు గుర్తు లేదని.

తాతబాబు వల మళ్ళీ ఒళ్ళోకి లాక్కుని రెండు కన్నులు అల్లాడు. తరవాత, "అప్పా, నాను సినిమాలో ఎవుల్ని సూసి నవ్వేననుకున్నావు?" అన్నాడు.

"కెమేరాని సూసి."

"కెమేరాకేసి సూస్తే ఆళ్ళు తిట్టేవోరు. బావని సూసి నవ్వేను. ఎల్లారావు బావని. ఎనకాల నుంచి బావ ఓ మాటన్నాడు, నాకు నవ్వాగనేదు. ఆళ్ళకి అదే నచ్చి ఉంచీసేరు."

"ఏటన్నాడు?"

"పడవ నెడతానే అన్నాడు. 'ఒరే తాతబాబూ, ఇలాటి పడవలు ఇంకో నాలుగు నెట్టమన్నా నెడతాను గానీ, ఇంటికెల్లి ఇంతసేపెందుకయ్యిందో మా కాసులుకి సెప్పమంతే మాత్రం నా వల్ల కాదురా' అన్నాడు."

చిలకమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను నవ్వానో ఏడ్చానో నాకు తెలియలేదు. సీతాలూ, ఆయన గొంతే అది. పెళ్ళాం పేరెత్తి పదిమందిలో నవ్వించడం ఆయనకి అలవాటు. ఇంటికొచ్చాక నాకు తెలిస్తే ఊరుకోనని చెప్పేవాడు కాదు.

అప్పుడు తాతబాబు కళ్ళు మూసుకుని మొహం చెప్పాడు. ఎడమ కనుబొమ్మ మధ్యలో తెగి ఉండేది, చిన్నప్పుడు గేలం తగిలి. ముక్కు కొన కొంచెం కుడివైపుకి. మీసం పలచన, దాన్ని దువ్వుకోవడం మాత్రం ఎక్కువ. గడ్డం మీద గింజ నొక్కినట్టు గుంట. హాస్యమాడేటప్పుడు నవ్వేవాడు కాదు, కింది పెదవి పళ్ళ కింద పట్టి ఉంచి, ఎదుటివాడు నవ్వాక అప్పుడు వదిలేవాడు. పెదవి అనగానే, ముందు ఆ పెదవి వచ్చింది నాకు, తరవాత కనుబొమ్మ, తరవాత మొహమంతా. పెద్ద అందగాడు కాదు. ఆ సంగతి కూడా మరిచిపోయాను, చూడు. చీకట్లో దీపం తెచ్చి పెట్టినట్టు ఆ యారాడ ఒడ్డున ఎండలో నా మొగుడు నాకు కనిపించాడు. టీచరమ్మా, ఈ మొహం వివరం ఒక్క మాట కూడా దిద్దకుండా రాయి. దీనికోసమే ఈ ఉత్తరం.

మళ్ళీ స్టూడియోకి వెళ్ళాను. రెండు ఫొటోలు చేయించాను, ఈ ఉత్తరంతో పంపుతున్నాను. ఒకటి సీనంతా ఉన్నది. అందులో తాతబాబు ఎవరిని చూసి నవ్వుతున్నాడో ఇప్పుడు నీకు తెలుసు. నువ్వు చిన్నప్పటినుంచి చూసి నేర్చుకున్న నవ్వు మీ అయ్యది కాదు, మీ అయ్య తెప్పించినది. దాన్ని ఎక్కడైనా పెట్టుకో, దండ మాత్రం వెయ్యకు, చిలకమ్మ ఊరుకోదు. రెండోది మూలది, వెనకున్న మనిషి ఒక్కడే. వీపు, భుజం, మచ్చ. అది పటం కట్టించి, మీ అయ్య తిథికి దండ వెయ్యి. మొహం లేని పటం ఏమిటని మీ అత్తగారు అడిగితే, పడవ నీట్లోకి వెళ్ళేదాకా మా అయ్య తల తిప్పడు అని చెప్పు. మొహం కావాలంటే ఈ కాగితం చదివి వినిపించు.

నేను చేసింది తప్పో ఒప్పో తీర్పు నీది. శిక్ష వెయ్యాలంటే వెయ్యి, కానీ ఉత్తరం రాయడం మానెయ్యడం మాత్రం శిక్షగా వెయ్యకు. అది తప్ప ఏదైనా భరిస్తాను. చిన ఎల్లారావు ఆ సినిమాలో మొహం తడిమాడని రాశావు. ఈ పటంలో భుజం తడమమను. అది నిజమైనది.

తాతబాబూ చిలకమ్మా ఇవాళ యారాడ నుంచి వచ్చి అరుగు మీద కూర్చున్నారు. తాతబాబు వేలిముద్ర లేకుండా ఈ ఉత్తరం పోస్టులో వెయ్యనివ్వనని చిలకమ్మ పంతం. తన మొగుడి గురించి ఒక మాట స్పష్టంగా రాయాల్సిందేనంది. రాయించాను.

ఇట్లు,
తప్పు ఒప్పుకున్నా నోరు తగ్గని నీ అమ్మ,
మైలపిల్లి కాసులమ్మ (ఎడమ బొటనవేలి ముద్ర)

సాక్షులు:

1. వెంకటరమణమ్మ, బడి టీచరు. చెప్పింది చెప్పినట్టు రాశాను. తిట్లు మాత్రం తీసేశాను.

2. గరికిన తాతబాబు, యారాడ (ఎడమ బొటనవేలి ముద్ర). పైన రాసిన మొహం ఎల్లారావు బావదే, నా కళ్ళతో చూసినది. ఈ తేదీకి నేను బతికే ఉన్నాను.